దీపం పెట్టేదాకా

పోయిన నెల మంజుల వనపర్తిలో మా ఇంటికి వచ్చి నలభై నిమిషాలు కూర్చుని వెళ్ళింది. యాభై దాటిన మనిషి. ముందు వైపు జుట్టు నెరిసింది. చెప్పులు గడప బయట ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి లోపలికి వచ్చింది. ఎనభైలలో గద్వాలలో నేను తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పినప్పుడు వెనక నుంచి రెండో బెంచీలో కూర్చునేది. ఇప్పుడు అమరచింతలో చీరల కొట్టు నడుపుతోంది. "నాయన పోయిండు టీచర్. మాసికం గూడ అయిపోయింది. మీకు చెప్పాలనిపించి వచ్చిన" అంది. వాళ్ళ నాన్న నర్సింలును నేను దగ్గరగా చూసింది ఒక్కసారే, పది నిమిషాలకు మించదు. అయినా ఎప్పుడు పోయాడని అడిగి, ఆమె చెప్పిన తేదీని గోడ మీది క్యాలెండర్ వెనక్కి తిప్పి చూశాను. బుధవారం. ఆ రోజు నేను కరెంటు బిల్లు కట్టి, తిరిగొస్తూ అరకిలో చిక్కుడుకాయలు కొన్నాను. అంతకంటే ఏమీ గుర్తు లేదు. ఏడుపు రాలేదు. మంచినీళ్ళు ఇచ్చి, టీ పెట్టాను.

ఆమె వెళ్ళాక అలమార పై అరలోంచి పాత కాగితాల కట్ట దించాను. నేను కాగితాలు పారేయను. మా బాపు తిమ్మాజిపేటలో భూముల లెక్కలు రాసేవాడు. ఏ కూడికైనా ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి వేయించేవాడు నా చేత. రెండూ కలవకపోతే అన్నం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. కట్టలో నాకు కావలసిన కాగితం పన్నెండోది. రూళ్ళకర్రతో గీసిన నాలుగు నిలువు గళ్ళు: పేరు, తెచ్చిన వస్తువు, మార్పిడికి ముందు మార్కు, మార్పిడి తర్వాత మార్కు. ముప్పై ఎనిమిది పేర్లు. కింద సిరాతో మొత్తాలు: ముందు నూట డెబ్బై ఒకటి, తర్వాత రెండు వందల అరవై మూడు. పెరిగింది తొంభై రెండు. పై మూలన తేదీ, వారం, పీరియడ్ నంబరు ఉన్నాయి. తేదీ ఇక్కడ రాయను, ఇప్పుడది ఎవరికీ పనికిరాదు. శనివారం, మూడో పీరియడ్ అని మాత్రం రాస్తాను, ఎందుకంటే శనివారం కాబట్టే సోమవారం దాకా ఆగమనగలిగాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గద్వాలలో నేను అద్దెకున్నది జైనబ్బీ అనే గాజులమ్మ ఇంట్లో, వీధి వైపు గది. భర్త పోయిన మనిషి, అరవైకి దగ్గర. తెల్లవారుజామునే లేచి నీళ్ళు చల్లి, ఒక జొన్నరొట్టె నాకు, ఒకటి తనకు కాల్చి, గాజుల గంప బట్టలో మూటగట్టుకుని బయలుదేరేది. ఆ ఇంటికి రెండు వాసనలు. లోపల లక్కా, కిరసనాయిలూ కలిసిన వాసన. బయట గంజి వాసన. తెల్లారేసరికి నేతవాళ్ళు వీధి పొడవునా పడుగు సాగదీసి కట్టి, ఇటొకరు అటొకరు నడుస్తూ గంజి పట్టించేవాళ్ళు. బడికి పోవాలంటే ఆ దారాల పక్కనుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒంటి కాలి మీద పోయినట్టు పోవాలి. ఎండెక్కే లోపల దారం ఎత్తేవాళ్ళు. తర్వాత ఇక ఇంటింటి నుంచి మగ్గం చప్పుడే, మధ్యాహ్నం అన్నాల వేళ ఒక గంట ఆగి, మళ్ళీ పొద్దుగూకేదాకా. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట నేతగాడి చేతి గుర్తు ఉంటుందని జైనబ్బీ చెప్పేది. ఏ చీర ఎవరు నేశారో ఆమె వేలితో తడిమి చెప్పగలదు. "నువ్వు దస్తూరి చూసి ఏ పిల్ల రాసిందో చెప్తవు గద, గిది గూడ గంతే" అనేది. నా పుస్తకాలు చూసి నవ్వేది. "టీచరమ్మా, నీ బుక్కులకు నా గాజులంత గిరాకీ లేదు. ఒక్కటన్న అమ్ముడుపోయిందా ఇయ్యాల?"

ఆ ఏడు వేసవి సెలవుల్లో నన్ను ఒక శిక్షణకు పంపారు. అర్థశాస్త్రం పిల్లలకు కంఠస్థం చేయించకుండా ఆడిస్తూ చెప్పే పద్ధతులు అక్కడ నేర్పారు. వాటిలో ఒకటి మార్పిడి పాఠం. ప్రతి పిల్లా ఇంటి దగ్గర పనికిరాకుండా పడి ఉన్న వస్తువు ఒకటి తేవాలి. తనకు అదెంత ఇష్టమో పదికి మార్కు వేయాలి. తర్వాత పావుగంట సేపు ఎవరితోనైనా ఏదైనా మార్చుకోవచ్చు. బలవంతం లేదు, టీచరు కల్పించుకోదు. చివర చేతిలో ఉన్న వస్తువుకు మళ్ళీ మార్కు. కొత్త వస్తువు ఒక్కటి పుట్టకపోయినా మొత్తం పెరుగుతుంది. మనుషులను తమ ఇష్టానికి వదిలేస్తే, మార్చుకోవడం వల్లనే సంపద పెరుగుతుందని పిల్లలు తమ కళ్ళతో చూస్తారు. నాకు ఆ పాఠం బాగా నచ్చింది. తూకం వేసినట్టు తేలే పాఠాలు సాంఘికంలో తక్కువ.

పిల్లలు తెచ్చినవన్నీ కాగితంలో ఉన్నాయి. పళ్ళు విరిగిన దువ్వెన, సగం కొవ్వొత్తి, చింతగింజల మూట, ఒక చెవి జుంకా, బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత. లక్ష్మి అనే పిల్ల గొడుగు తెచ్చింది. "ఓ లచ్చిమీ, గా గొడుగు ఎవ్వలు తీస్కుంటరే, బయట ఆగినా లోపల కురుస్తది" అని ముందు బెంచీ పిల్లలు ఏడిపించారు. మంజుల జేనెడు పొడవున్న గుడ్డముక్క తెచ్చింది, చీర అంచు ముక్క. ట్రంకుపెట్టె అడుగున మడతల్లో పడి ఉంటుందట, ఎవరూ వాడరట. రెండు మార్కులు వేసుకుంది. మార్పిడి మొదలయ్యే ముందు నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక నియమం రాశాను: ఇష్టంతో ఇచ్చింది ఇచ్చిందే, తిరిగి అడగకూడదు. రాసి ఇటు తిరిగేసరికి మంజుల చేయి పైకెత్తి ఉంది.

"టీచర్, దీపం పెట్టేదాంక వాపస్ ఉంటదా?"

కొందరు నవ్వారు. ఒక పిల్ల "ఏయ్, గది మేకలకే, గుడ్డపేలికలకు గాదు" అంది. ఇంకొక పిల్ల "ఎందుకు గాదు, మా అవ్వ జొన్నలు గట్లనే వాపస్ తెచ్చింది" అంది. నాకు వాళ్ళు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు. అడగవలసింది. అడిగితే పావుగంటలో మూడు నిమిషాలు పోతాయని లెక్కేసుకున్నాను. "ఉండదు. ఇది సంత కాదు, పాఠం" అన్నాను.

సువర్ణ జామెట్రీ బాక్సు తెచ్చింది. ఆ వీధి మగ్గాల్లో సగానికి పడుగూ పట్టూ ఇచ్చి నేయించుకునే సావుకారు కూతురు ఆ పిల్ల. ఇంట్లో ఇంకొక బాక్సు ఉంది కాబట్టి దానికి మూడు మార్కులు వేసుకుంది. మంజుల దగ్గర గుడ్డముక్క తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుగుకు పట్టి చూసింది. "ఇసొంటి అంచు మా ఇంట్ల లేదు" అంది. అంతే, అర నిమిషంలో మార్చుకున్నారు. మంజుల రెండు నుంచి తొమ్మిదికి, సువర్ణ మూడు నుంచి ఎనిమిదికి. ఆ రోజు అందరికంటే ఎక్కువ పెరిగిన జత అదే. వాళ్ళిద్దరినీ నిలబెట్టి, తరగతి చేత చప్పట్లు కొట్టించాను.

సాయంత్రం చివరి గంట కొట్టాక, పిల్లలు ఇంకా వరండాలో ఉండగానే, గేటు దాటి ఒక మనిషి పరుగులాంటి నడకతో వచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. వెనక మంజుల. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి బాక్సు చూపించిందట. అప్పుడు తండ్రి ఇంట్లో లేడు, నేసిన చీర ఇవ్వడానికి సావుకారు దగ్గరికి పోయాడు. తిరిగొచ్చి విని, అలాగే వచ్చాడు. జామెట్రీ బాక్సు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఎక్కడ సొట్ట పడుతుందో అన్నట్టు.

"టీచరమ్మా, జర ఒక మాట. పిల్లకు తెల్వక తెచ్చింది. గది పేలిక గాదు, మా అమ్మ నేసిన ముక్క. మా నాయన మంచాన పడ్డప్పుడు ఆమెనే మగ్గం మీద కూసుంది. అందరు అంచుకు కోటకొమ్మలు పెడుతుంటే ఆమె జొన్నకంకులు పెట్టింది. గట్ల ఎవ్వలు నెయ్యలే. నేను గూడ ఇంక నెయ్యలే."

"మరి పెట్టె అడుగున ఎందుకు పెట్టారు?" అన్నాను. నేను అప్పుడు పుస్తకంలోని తెలుగే మాట్లాడేదాన్ని.

అతను వరండా చివర ఉన్న సువర్ణ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సావుకారు పడుగు మీద నేస్తే అది సావుకారుది అయితది గద. సొంతంగ నూలు కొందమని జమ చేస్తున్న. వచ్చే దసరాకు నా పడుగు మీద నా చీర దిగుతది. పట్నంల ఒక దుకాణమాయన చూస్త అన్నడు. గిప్పుడు గా ముక్క ఆ ఇంటికి పోతే పోగులు లెక్కపెట్టి వారంల గదే అంచుకు డిజైను అట్టలు కొట్టించి మగ్గాలకు ఎక్కిస్తరు. ఆయనను అడగ నాకు నోరు లేదు, ఆయన పెట్టిందే తింటున్న. మీరు ఒక్క మాట చెప్తే ఆ పిల్ల ఇస్తది. ఇగో, బాక్సు తెచ్చిన, గీత గూడ పడలే."

చెప్పింది స్పష్టంగానే ఉంది. నాకు అర్థం కాలేదని ఈ రోజు రాసుకుంటే అబద్ధం అవుతుంది. సువర్ణకు కూడా వినపడినట్టుంది. దగ్గరికి వచ్చి, "తీస్కో మంజులా, నాకేం అవసరం లేదు" అని బ్యాగులో చెయ్యి పెట్టింది. గుడ్డ అంచు బయటికి వచ్చింది కూడా. జొన్నకంకులు నేను సరిగా చూసింది అప్పుడే.

"సువర్ణా, బ్యాగు మూయి" అన్నాను.

పొద్దున నియమం రాసి, చప్పట్లు కొట్టించి, సాయంత్రానికి నేనే మార్చితే ముప్పై ఎనిమిది మంది ఏం నేర్చుకుంటారు అన్నది నా ఆలోచన. మంజులను అడిగాను. "నిన్ను ఎవరన్నా బలవంతం చేశారా?" "లేదు టీచర్." "దానికి నువ్వు ఎన్ని మార్కులు వేసుకున్నావు?" కాగితం నా చేతిలోనే ఉంది. పేరు మీద వేలు పెట్టి నర్సింలుకు చూపించాను. అతనికి అక్షరాలు రావేమో గానీ అంకెలు వచ్చు. కొంచెం సేపు చూశాడు.

"రెండా?" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. కోపం లేదు ఆ గొంతులో. "రెండేసినవా బిడ్డా?"

సోమవారం దీని మీద తరగతిలో చర్చ పెడతానని, అప్పుడు సువర్ణ తనంతట తాను మళ్ళీ మార్చుకోవాలనుకుంటే మార్చుకోవచ్చని చెప్పాను. అతను తల ఊపాడు. బాక్సు మంజులకు ఇచ్చి, చొక్కా గుండీ సరిచేసుకుని వెళ్ళిపోయాడు. గేటు పక్క గోడకు పై సగం ఎండ ఉంది అప్పటికి. ఆ ఎండ ఎంత ఎత్తున ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకో ముందు రాసేదే చెప్తుంది.

పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చేసరికి జైనబ్బీ గడప మీద కూర్చుని మిగిలిన గాజులు డజన్లుగా దారానికి గుచ్చుతోంది. పాఠం బాగా జరిగిందని, మొత్తం తొంభై రెండు పెరిగిందని చెప్పాను. తర్వాత నర్సింలు వచ్చిన సంగతీ, నేను నియమం వదలని సంగతీ చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె బేరంలో గట్టి మనిషి.

"ఏ యాళ్ళకు వచ్చిండు?" అంది.

"నాలుగున్నర దాటాక."

"అంటే దీపాలు పెట్టక ముందే."

"అవును. అయితే?"

ఆమె గుచ్చుతున్న డజను లెక్క తప్పింది. దారం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. "నీ బుక్కుల గది రాయలేదా బిడ్డా? నేను పొద్దున గాజులేసి పోత. ఇంటికాడ మొగుడు వద్దన్నడో, అత్త వద్దన్నదో, దీపం పెట్టకముందు పగలకుండ తెస్తే తీస్కుంట. పైసలు వాపస్. మేకలకు గంతే, జొన్నలకు గంతే, మా తాతల కాన్నుంచి గంతే. దీపం పెట్టినంక అడిగేటోడు లేడు, ఇచ్చేటోడు లేడు. మనిషన్నోడు ఇంటికి పోయి జర సోచాయించుకోవద్దా?"

నేను వీధిలోకి చూశాను. ఎదురింట్లో అప్పుడే లాంతరు వెలిగించి కొక్కానికి తగిలిస్తున్నారు. ఆమె కూడా చూసింది. "ఇగ అయిపాయె" అంది. ఆ రాత్రి రొట్టె నాకే కాల్చింది, తను తినలేదు. నేను తిన్నాను.

సోమవారం సువర్ణ చేతులు ఊపుకుంటూ వచ్చింది. "మా బాపు తీస్కున్నడు టీచర్. ఎక్కడిదని అడిగిండు. చెప్పిన" అంది. చర్చ పెట్టలేదు, పాఠ్యక్రమంలో తర్వాతి పాఠం పారిశ్రామిక విప్లవం. కొత్త ఆలోచన చేసిన మనిషికి దాని ఫలం దక్కితేనే దేశాలు ముందుకు పోతాయని బోర్డు మీద రాసి, కింద గీత గీశాను. మంజుల రాసుకుంది. కొత్త బాక్సులోని స్కేలుతో తను కూడా కింద గీత గీసుకుంది.

దసరా రాకముందే జొన్నకంకుల అంచు సావుకారు మగ్గాల మీదికి ఎక్కింది. ఆయన చేసింది దొంగతనం అని ఎవరూ అనలేదు, నా పాఠం ప్రకారం కాదు కూడా. ఆయన కూతురు ఇచ్చిపుచ్చుకుని తెచ్చింది. ఆ పడుగు ఒకటి నర్సింలుకు కూడా ఇచ్చారు. మొదట వేరేవాళ్ళు నేస్తే కంకి గింజలు సరిగ్గా కూర్చోలేదట, నర్సింలు చేతికి మాత్రం కూర్చున్నాయట. సావుకారు పదిమందిలో మెచ్చుకున్నాడని జైనబ్బీ చెప్పింది. సొంత పడుగు మాట మళ్ళీ ఎక్కడా వినపడలేదు. జమ చేసిన డబ్బేమైందో నాకు తెలియదు, తెలియని దానికి అంకె వేయను.

రెండేళ్ళకు నన్ను నాగర్‌కర్నూలుకు బదిలీ చేశారు. బడివాళ్ళు వీడ్కోలు సభ పెట్టి చీర పెట్టారు. పట్టు అంచు, జొన్నకంకులు. ఇంటికి తెచ్చాక జైనబ్బీ మడత విప్పి, నూలూ పట్టూ కలిసే చోట బొటనవేలు నడిపించింది. ఎవరు నేశారని నేను అడగలేదు. ఆమె చీర మడిచి, నా పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టింది. ఇప్పటికీ ఇల్లు మారిన ప్రతిసారీ అడుగునే పెడుతున్నాను.

మంజుల వచ్చిన రోజు ఇవేవీ మాట్లాడుకోలేదు. కొట్టు ఎలా నడుస్తోందని అడిగాను. బాగానే ఉందంది. ఇప్పుడు మగ్గం చీరలు కొనేవాళ్ళు తక్కువ, సూరత్ సరుకే పోతుందని, పూటకో కొత్త డిజైను ఫోనులో వస్తుందని చెప్పింది. తను తెచ్చిన చీర కవరులోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. మిషను మీద అచ్చువేసిన చీర. అంచున కంకులు. గింజలన్నీ ఒక్క కొలత, ఎక్కడా తేడా లేదు. అది ఆ కంకేనా, ఇంకెవరో ఎక్కడో గీసిన వేరే కంకా అని అడగబోయి ఆగాను. ఆమె ఖాళీ కవరు మడిచి చేతిలో పెట్టుకుంది.

"జామెట్రీ బాక్సు ఉందా ఇంకా?" అన్నాను.

"అదా టీచర్? ఎప్పుడో పోయింది. మూత తుప్పు పట్టింది."

"మీ నాన్న నా మాట ఎప్పుడైనా ఎత్తాడా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "లేదు టీచర్. మీ మాట ఎందుకెత్తుతడు? నన్ను గూడ ఏమనలే ఎన్నడు. మగ్గం మీదికెల్లి లేచినంక 'రెండు' అని తనలో తాననుకుంటుండె ఒక్కోసారి. పోగుల లెక్కేమో అనుకునేది మా అమ్మ."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగాం. లేచేటప్పుడు నవ్వుతూ అంది. "మీరు చెప్పిన పాఠమే మా కొట్ల బోర్డు మీద రాసి పెట్టిన టీచర్, అమ్మిన సరుకు వాపసు తీస్కోబడదు అని."

"నిజంగా తీసుకోవా?"

"బోర్డు అట్లనే ఉంటది. సాయంత్రం లైట్లేసే లోపల తెస్తే తీస్కుంట. నాయన అలవాటు చేసిండు." చెప్పులు వేసుకుంది. "లైట్లేసినంక మాత్రం తీస్కోను."

ఆమె పోయాక దించిన ఆ కాగితాన్ని చాలాసేపు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కూడిక రెండుసార్లు వేశాను, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. తప్పు లేదు. తర్వాత పెన్సిల్‌తో ముప్పై ఎనిమిది కింద ముప్పై తొమ్మిదో వరుస గీసి నర్సింలు అని రాశాను. ముందు గడిలో పది వేశాను, తర్వాత గడిలో సున్నా. మళ్ళీ కూడిక వేశాను. ముందు నూట ఎనభై ఒకటి, తర్వాత అదే రెండు వందల అరవై మూడు. ఎనభై రెండు పెరిగిందనే వచ్చింది. ఆయనను కలుపుకున్నా పాఠం తప్పు కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎవరి మార్కు వారే వేసుకోవాలి, ఒకరికి ఇంకొకరు వేయకూడదు అన్న నియమం కూడా నేను పెట్టిందే. పదీ సున్నా నేను వేసినవి. ఆయన ఎంత వేసేవాడో అడిగిన వాళ్ళం ఎవరమూ లేము. రబ్బరు తెచ్చి రెండూ చెరిపేశాను. పేరు ఉంచాను, గళ్ళు ఖాళీగా ఉంచాను. ఖాళీ ఉన్న పట్టికకు మొత్తం వేయకూడదని పిల్లలకు చెప్పేదాన్ని. కానీ కింద ఉన్న మొత్తం సిరాతో వేసింది, చెరగదు.

కిటికీలోంచి వచ్చే వెలుతురు తగ్గి అంకెలు కనపడటం మానేశాయి. కాగితం కట్టలో పన్నెండోదిగానే పెట్టి, లేచి దీపం పెట్టాను.